‘నో మాడ్యూల్ నేమ్డ్ ఎస్‌కేలెర్న్’ ఎర్రర్: కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి

“ఇన్‌స్టాల్ చేశాను. పిప్ కూడా ముందే ఉందంటోంది. అయినా ఇంపోర్ట్ లైను దగ్గరే ఆగిపోతోంది. ఏం చేయాలి?” మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. (పిప్ అంటే పైథాన్‌కు లైబ్రరీలు దించి పెట్టే పనిముట్టు.) సైకిట్-లెర్న్ అనే లైబ్రరీ (కోడ్‌లో దీని పేరు ఎస్‌కేలెర్న్) వాడేవాళ్ల దగ్గర్నుంచి మరీ ఎక్కువగా వస్తుంది. టెన్సర్‌ఫ్లో, పైటార్చ్ వాడేవాళ్లకూ ఇదే తలనొప్పి.

ఇక్కడ “ఇన్‌స్టాల్ అయిందా లేదా” అన్న ప్రశ్న ఎక్కడికీ తీసుకెళ్లదు. “ఏ పైథాన్‌లో ఇన్‌స్టాల్ అయింది, నా ప్రోగ్రామును ఏ పైథాన్ నడుపుతోంది” అని అడగాలి. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. తేలనివాటిలో ఎక్కువ భాగం వర్షన్ గొడవలు. అందుకే ఈ మార్గదర్శిలో ఆ రెండింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి. చుక్కలు, గీతలు, అండర్‌స్కోర్లు ఉన్నవి ఉన్నట్టే పెట్టండి.

1. దేన్నీ ముట్టుకోకముందు ఎర్రర్‌ను కింది నుంచి చదవండి

ఎర్రర్ రాగానే పిప్ ఇన్‌స్టాల్ కొట్టేయడం అందరికీ అలవాటు. ఒక్క నిమిషం ఆగండి. పైథాన్ చూపించే పొడవాటి ట్రేస్‌బ్యాక్‌లో, అంటే ఎర్రర్ ఏ లైన్ల మీదుగా వచ్చిందో చెప్పే జాబితాలో, అన్నిటికన్నా ముఖ్యమైంది చివరి లైను. అందులో ఏ పదాలున్నాయో దాన్నిబట్టి దారి మారుతుంది.

- “మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ ‘ఎస్‌కేలెర్న్’” అని ఉంటే, ఈ పైథాన్‌కు ఆ లైబ్రరీ అసలు కనిపించడం లేదు. 2 నుంచి 6 దాకా చదవండి.
- “నో మాడ్యూల్ నేమ్డ్ ‘ఎస్‌కేలెర్న్.క్రాస్_వ్యాలిడేషన్’” లాగా పేరులో చుక్క ఉంటే, లైబ్రరీ ఉంది, లోపలి భాగం లేదు. ఇది దాదాపుగా వర్షన్ సమస్య. నేరుగా 8కి వెళ్లండి.
- “‘ఎస్‌కేలెర్న్’ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్” అన్న తోక కనిపిస్తే 7 చూడండి. తప్పు మీ ఫోల్డర్‌లోనే ఉంది.
- “ఇంపోర్ట్‌ఎర్రర్: కెనాట్ ఇంపోర్ట్ నేమ్” అంటే మాడ్యూల్ దొరికింది, అందులో మీరడిగిన ఫంక్షనో క్లాసో లేదు. ఇదీ వర్షన్ సంగతే. 8 చూడండి.
- “డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్” అంటే విండోస్‌లో లైబ్రరీ తాలూకు కంపైల్ అయిన ఫైలు తెరుచుకోలేదు. పేరు మార్చి ఇన్‌స్టాల్ చేస్తే ఇది పోదు. 11 చూడండి.

చివరి లైను తర్వాత దానికి కాస్త పైన ఉన్న ఫైల్ దారి కూడా చూడండి. అది మీరు రాసిన ఫైలా, లేక “సైట్-ప్యాకేజెస్” అన్న ఫోల్డర్ లోపలిదా? సైట్-ప్యాకేజెస్ లోపలిదైతే మీ కోడ్‌లో తప్పు లేదు. మీరు వాడుతున్న ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీని పిలిచింది, అది దొరకలేదు. అప్పుడు మీ ఇంపోర్ట్ లైన్లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ఆ మధ్యలో ఉన్న లైబ్రరీని అప్‌గ్రేడ్ చేయాలి, లేదా దానికి కావలసింది ఇన్‌స్టాల్ చేయాలి.

2. ఏ పైథాన్ నడుస్తోందో తేల్చుకోండి

ఒక కంప్యూటర్‌లో మూడు నాలుగు పైథాన్‌లు ఉండటం మామూలే. ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది ఒకటి, వెబ్‌సైట్ నుంచి దించుకున్నది ఒకటి, అనకొండతో వచ్చింది ఇంకొకటి, ప్రాజెక్టు కోసం విడిగా చేసుకున్న పైథాన్, అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, మరొకటి. ఒక్కోదానికి సొంత సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ ఉంటుంది. ఒకే ఇంట్లో వేర్వేరు గదులున్నట్టు: ఈ గదిలో పెట్టిన సామాను ఆ గదిలో వెతికితే దొరకదు.

ఎర్రర్ వస్తున్న ఫైల్‌లోనే, ఆ ఇంపోర్ట్ లైనుకు పైన, ఈ రెండు లైన్లు పెట్టి నడపండి:

    ఇంపోర్ట్ సిస్
    ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)

వచ్చిన దారిని ఎక్కడైనా రాసిపెట్టుకోండి. మీ ప్రోగ్రామును నిజంగా నడుపుతున్న పైథాన్ ఇదే. వేరే చోట, కొత్త టెర్మినల్‌లో పెట్టి చూస్తే లాభం లేదు. ఎర్రర్ ఎక్కడ వస్తోందో అక్కడే చూడాలి. ఎడిటర్‌లో వస్తే ఎడిటర్‌లో, నోట్‌బుక్‌లో వస్తే నోట్‌బుక్‌లో.

ఇప్పుడు టెర్మినల్‌లో:

    పిప్ --వర్షన్

ఈ ఆదేశం పిప్ వర్షన్ ఒక్కటే చెప్పి ఊరుకోదు. అది ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌కు పనిచేస్తోందో కూడా అదే లైనులో చెబుతుంది. ఆ దారినీ ఇందాక రాసిపెట్టుకున్న దారినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే ఫోల్డర్ కుటుంబం కాకపోతే మీ సమస్య దొరికినట్టే.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. “రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్” అని పిప్ చెప్పినప్పుడు ఆ లైను చివర “ఇన్” అంటూ ఒక ఫోల్డర్ దారి చూపిస్తుంది. చాలామంది లైను మొదట్లోనే చదవడం ఆపేస్తారు. లైబ్రరీ ఎక్కడ కూర్చుందో చెప్పేది ఆ చివరి భాగమే.

కంప్యూటర్‌లో ఎన్ని పైథాన్‌లు ఉన్నాయో చూడాలంటే విండోస్‌లో “పై --లిస్ట్” గానీ “వేర్ పైథాన్” గానీ వాడండి. లినక్స్, మ్యాక్‌లలో “విచ్ -ఎ పైథాన్3” సరిపోతుంది.

3. ఇన్‌స్టాల్ పేరు, ఇంపోర్ట్ పేరు ఒకటేనా చూసుకోండి

కోడ్‌లో రాసే పేరు ఒకటి, పిప్‌కు ఇవ్వాల్సిన పేరు ఇంకొకటి అయిన లైబ్రరీలు చాలానే ఉన్నాయి. తరచుగా పొరపాటు జరిగేవి ఇవి:

- ఇంపోర్ట్ ఎస్‌కేలెర్న్ → పిప్‌లో సైకిట్-లెర్న్
- ఇంపోర్ట్ ఎస్‌కేఇమేజ్ → సైకిట్-ఇమేజ్
- ఇంపోర్ట్ సీవీ2 → ఓపెన్‌సీవీ-పైథాన్
- ఇంపోర్ట్ పీఐఎల్ → పిల్లో
- ఇంపోర్ట్ యామల్ → పైయామల్
- ఇంపోర్ట్ బీఎస్4 → బ్యూటిఫుల్‌సూప్4
- ఇంపోర్ట్ టార్చ్ → టార్చ్ (పైటార్చ్ అని ఇస్తే పిప్ ఎర్రర్ ఇస్తుంది)

ఎస్‌కేలెర్న్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకప్పుడు “పిప్ ఇన్‌స్టాల్ ఎస్‌కేలెర్న్” అన్నా పనిచేసేది. ఆ పేరుతో పెట్టిన ఉత్తుత్తి ప్యాకేజీ లోపల్లోపల సైకిట్-లెర్న్‌ను తెచ్చిపెట్టేది. 2023 డిసెంబర్ 1 నుంచి ఆ దారి పూర్తిగా మూసేశారు. పాత రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో (ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీల జాబితాలో) ఎస్‌కేలెర్న్ అని ఉంటే ఇప్పుడు ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది. ఆ లైనును సైకిట్-లెర్న్ అని మార్చండి. కోడ్‌లో మాత్రం ఇంపోర్ట్ ఎస్‌కేలెర్న్ అనే ఉంచాలి.

ఒక హెచ్చరిక. ఎర్రర్‌లో కనిపించిన పేరును ఆలోచించకుండా పిప్‌కు ఇవ్వకండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో హానికరమైన ప్యాకేజీలు పెట్టేవాళ్లు ఉన్నారు. 2022 డిసెంబర్ చివర్లో పైటార్చ్ నైట్లీ బిల్డ్‌కు (రోజూ వచ్చే పరీక్షా వర్షన్‌కు) కావలసిన “టార్చ్‌ట్రైటన్” పేరుతోనే ఒక నకిలీ ప్యాకేజీ చేరి, దించుకున్నవాళ్ల కంప్యూటర్ల నుంచి సమాచారం లాగింది. ఆ లైబ్రరీ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఇన్‌స్టాల్ పేరు ఏముందో చూసి, దాన్నే వాడండి.

4. ఆ పైథాన్‌కే ఇన్‌స్టాల్ చేయండి

ఉత్తి “పిప్ ఇన్‌స్టాల్” మానేయండి. దాని బదులు ఇలా ఇవ్వండి:

    పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ సైకిట్-లెర్న్

ఇలా చేస్తే ఏ పైథాన్‌ను పిలిచారో దానికే లైబ్రరీ చేరుతుంది. వేరే పైథాన్‌కు చెందిన పిప్ మధ్యలో దూరే వీలుండదు. 2వ అడుగులో వచ్చిన దారి పొడవుగా ఉంటే “పైథాన్” అన్న పదం స్థానంలో ఆ దారి మొత్తం పెట్టండి. దారిలో ఖాళీలుంటే కోట్స్‌లో పెట్టాలి. చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ పొరపాటుకు తావు లేని పద్ధతి ఇదే.

తర్వాత అదే పైథాన్‌తో సరిచూసుకోండి:

    పైథాన్ -సి “ఇంపోర్ట్ ఎస్‌కేలెర్న్; ప్రింట్(ఎస్‌కేలెర్న్.__వర్షన్__, ఎస్‌కేలెర్న్.__ఫైల్__)”

వర్షన్‌తోపాటు లైబ్రరీ ఉన్న దారి కూడా వస్తుంది. అది మీరు అనుకున్న ఫోల్డర్ అయితే ఈ అడుగు పూర్తయింది.

పిప్ “నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్” అంటే పేరు తప్పయినా కావచ్చు, మీ పైథాన్ వర్షన్‌కు ఆ లైబ్రరీ ఇంకా రాకపోయినా కావచ్చు. టెన్సర్‌ఫ్లోలో ఇది మామూలు. కొత్త పైథాన్ విడుదలైన వెంటనే దానికి తగ్గ టెన్సర్‌ఫ్లో ఉండదు. 32-బిట్ పైథాన్‌కు అసలే లేదు. పాత పైథాన్‌తో ఇబ్బంది ఇంకో రకం: సైకిట్-లెర్న్ 1.4, 1.5లకు కనీసం పైథాన్ 3.9 కావాలి. మెషిన్ లెర్నింగ్ పనికి అన్నిటికన్నా కొత్త పైథాన్ కాకుండా దానికి ఒకటి రెండు మెట్లు కింద ఉన్నది పెట్టుకోమని నా సలహా.

5. ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి

డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే “ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్‌మెంట్” అని అడ్డుపడుతుంది. దాన్ని దాటడానికి “--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్” వాడమని చెప్పే సలహాలు కనిపిస్తాయి. వినకండి. సిస్టమ్ పైథాన్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకు వాడుకుంటుంది. అది చెడితే పోయేది మీ ప్రాజెక్టు ఒక్కటే కాదు.

సరైన దారి ఇది:

    పైథాన్3 -ఎం వీఎన్వ్ .వీఎన్వ్

తర్వాత దాన్ని యాక్టివేట్ చేయాలి. లినక్స్, మ్యాక్‌లలో “సోర్స్ .వీఎన్వ్/బిన్/యాక్టివేట్”. విండోస్‌లో “.వీఎన్వ్\స్క్రిప్ట్స్\యాక్టివేట్”. ప్రాంప్ట్ ముందు కుండలీకరణాల్లో ఎన్విరాన్‌మెంట్ పేరు కనిపించాలి. కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. “నిన్న పనిచేసింది, ఈరోజు చేయడం లేదు” అన్న కేసుల్లో ముందుగా చూడాల్సింది ఇదే.

కొండా (అనకొండతో వచ్చే ఇన్‌స్టాల్ పనిముట్టు) వాడేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. “కొండా క్రియేట్ -ఎన్ ఎంఎల్” అని ఊరుకుంటే ఖాళీ ఎన్విరాన్‌మెంట్ వస్తుంది. అందులో పైథాన్ ఉండదు, పిప్ ఉండదు. యాక్టివేట్ చేసి పిప్ పిలిస్తే బయట ఉన్న వేరే పిప్ పలుకుతుంది, లైబ్రరీ అక్కడికి పోతుంది. మీరేమో ఎంఎల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టాననే అనుకుంటారు. సృష్టించేటప్పుడే పైథాన్‌ను అడగండి:

    కొండా క్రియేట్ -ఎన్ ఎంఎల్ పైథాన్=3.11 సైకిట్-లెర్న్

కొండా, పిప్ రెండూ వాడక తప్పకపోతే, కొండాతో పెట్టాల్సినవన్నీ ముందు పెట్టేసి, పిప్‌ను చివర్లో వాడండి. వరస తారుమారు చేస్తే ఒకటి పెట్టిన ఫైళ్లను ఇంకొకటి తుడిచేసే ప్రమాదం ఉంది.

6. నోట్‌బుక్‌లోనూ ఎడిటర్‌లోనూ మాత్రమే ఎర్రర్ వస్తుంటే

టెర్మినల్‌లో ఇంపోర్ట్ అవుతుంది, జూపిటర్ నోట్‌బుక్‌లో కాదు. ఇది ఎక్కువమందిని తికమకపెట్టే కేసు. జూపిటర్‌ను ఏ ఎన్విరాన్‌మెంట్ నుంచి తెరిచినా, నోట్‌బుక్ లోపల కోడ్ నడిపేది కెర్నల్. ఆ కెర్నల్ వేరే పైథాన్‌ది కావచ్చు.

వెంటనే పని జరగాలంటే నోట్‌బుక్ సెల్‌లోనే ఇలా ఇవ్వండి:

    %పిప్ ఇన్‌స్టాల్ సైకిట్-లెర్న్

ముందు శాతం గుర్తు ఉండాలి. ఆశ్చర్యార్థకం పెట్టి పిలిస్తే టెర్మినల్‌కు కనిపించే పిప్ నడుస్తుంది, అది ఈ కెర్నల్‌ది కాకపోవచ్చు. శాతం గుర్తు పెడితే ఈ కెర్నల్ పైథాన్‌కే చేరుతుంది. తర్వాత కెర్నల్ రీస్టార్ట్ చేయండి. ముందే మెమరీలోకి ఎక్కిన పాత వర్షన్ రీస్టార్ట్ అయ్యేదాకా అలాగే ఉంటుంది.

పదే పదే ఈ ఇబ్బంది రాకూడదనుకుంటే మీ ఎన్విరాన్‌మెంట్‌ను కెర్నల్‌గా నమోదు చేసుకోండి. ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ చేసి:

    పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ ఐపైకెర్నల్
    పైథాన్ -ఎం ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ ఎంఎల్

ఆపైన నోట్‌బుక్‌లో కెర్నల్ మెనూలోంచి “ఎంఎల్” ఎంచుకోండి. 2వ అడుగులోని రెండు లైన్లు మళ్లీ నడిపి, దారి మారిందో లేదో చూడండి.

వీఎస్ కోడ్‌లో అయితే కమాండ్ పాలెట్ తెరిచి “పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్” ఎంచుకుని సరైన ఎన్విరాన్‌మెంట్ చూపించండి. ఇంపోర్ట్ లైను కింద వంకర గీత కనిపించి “కుడ్ నాట్ బి రిజాల్వ్‌డ్” అని వస్తే అది ఎడిటర్ మాట, పైథాన్ ఎర్రర్ కాదు. ప్రోగ్రాము నడిపి చూసి అప్పుడు నిర్ణయించండి.

గూగుల్ కోల్యాబ్‌లో సెషన్ ముగిశాక మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసినవన్నీ పోతాయి. ఇన్‌స్టాల్ లైన్లు నోట్‌బుక్ మొదటి సెల్‌లోనే ఉంచండి.

7. మీ ఫైల్ పేరే అడ్డుపడుతోందేమో చూడండి

నేర్చుకునేటప్పుడు ఫైల్‌కు ఎస్‌కేలెర్న్.పై అనో టార్చ్.పై అనో పేరు పెట్టడం చాలా సహజం. పైథాన్ మాడ్యూల్‌ను వెతికేటప్పుడు మొదట మీ స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌నే చూస్తుంది. అక్కడ మీ ఫైలే కనిపిస్తే అసలు లైబ్రరీ దాకా పోదు. అప్పుడే “ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్” అన్న తోక వస్తుంది.

ఫైల్ పేరు మార్చండి. అదే పేరుతో ఫోల్డర్ ఉంటే దాన్నీ మార్చండి. ర్యాండమ్.పై, కాపీ.పై లాంటి పేర్లూ వద్దు. వాటిని సైకిట్-లెర్న్, నంపై లోపల ఎక్కడో వాడుకుంటాయి కాబట్టి ఎర్రర్ అసలు సంబంధం లేని చోట బయటపడుతుంది.

8. లైబ్రరీ ఉంది, లోపలి మాడ్యూల్ లేదు

పాత పాఠాల్లోంచో పాత ప్రాజెక్టులోంచో తెచ్చిన కోడ్ నడిపినప్పుడు ఎక్కువగా వచ్చేది ఇది. లైబ్రరీ ఎదుగుతున్నకొద్దీ లోపలి భాగాల చోట్లు మారతాయి. సైకిట్-లెర్న్‌లో ఏదైనా తీసేయబోతే ముందు రెండు విడుదలల పాటు హెచ్చరిక చూపించి ఆ తర్వాతే తీస్తారు. కానీ పాత వర్షన్ నుంచి ఒక్కసారిగా కొత్తదానికి వచ్చినవాళ్లకు ఆ హెచ్చరికలు కనిపించవు, ఎర్రర్ మాత్రమే కనిపిస్తుంది.

సైకిట్-లెర్న్‌లో తరచుగా తగిలేవి:

- ఎస్‌కేలెర్న్.క్రాస్_వ్యాలిడేషన్, ఎస్‌కేలెర్న్.గ్రిడ్_సెర్చ్: 2016లో వచ్చిన 0.18లో వీటి పని ఎస్‌కేలెర్న్.మోడల్_సెలక్షన్‌కు మారింది. 2018లో వచ్చిన 0.20లో పాతవి తీసేశారు. ట్రెయిన్_టెస్ట్_స్ప్లిట్, గ్రిడ్‌సెర్చ్‌సీవీ రెండూ ఇప్పుడు మోడల్_సెలక్షన్ నుంచే తీసుకోవాలి.
- ఎస్‌కేలెర్న్.ఎక్స్‌టర్నల్స్.జాబ్‌లిబ్: 0.23లో తీసేశారు. జాబ్‌లిబ్‌ను నేరుగా ఇంపోర్ట్ చేయండి. సైకిట్-లెర్న్‌తోపాటే అది ఇన్‌స్టాల్ అవుతుంది.
- ఎస్‌కేలెర్న్.ఎక్స్‌టర్నల్స్.సిక్స్: స్ట్రింగ్‌ఐఓ కోసమైతే పైథాన్ సొంత ఐఓ మాడ్యూల్‌లోనే ఉంది.
- ప్రీప్రాసెసింగ్‌లోని ఇంప్యూటర్: 0.22లో పోయింది. ఎస్‌కేలెర్న్.ఇంప్యూట్‌లో సింపుల్‌ఇంప్యూటర్ వాడండి. పాతదానిలో ఉన్న యాక్సిస్ ఆప్షన్ ఇందులో లేదు, గమనించండి.
- లోడ్_బోస్టన్: 1.2లో తీసేశారు. సాధన కోసమైతే ఫెచ్_కాలిఫోర్నియా_హౌసింగ్ వాడుకోవచ్చు. డేటా వేరు కాబట్టి పాఠంలోని అంకెలతో మీ అంకెలు సరిపోవు. అది తప్పు కాదు.

మిగతా లైబ్రరీల్లో ముఖ్యమైనవి కొన్ని:

- టెన్సర్‌ఫ్లో.కాంట్రిబ్: 2019లో వచ్చిన 2.0లో మొత్తంగా తీసేశారు. దీనికి సూటిగా ఒక ప్రత్యామ్నాయం లేదు. అందులోని ఒక్కో ముక్క ఒక్కోచోటికి పోయింది, కొన్ని అసలే పోయాయి.
- టార్చ్._సిక్స్: పైటార్చ్ 2.0లో లేదు. ఎర్రర్ సాధారణంగా పాత సహాయక లైబ్రరీ లోపలినుంచి వస్తుంది. దాన్ని అప్‌గ్రేడ్ చేయండి.
- టార్చ్‌విజన్.ట్రాన్స్‌ఫార్మ్స్.ఫంక్షనల్_టెన్సర్: టార్చ్‌విజన్ 0.17లో తీసేశారు. కావలసిన ఫంక్షన్లు ట్రాన్స్‌ఫార్మ్స్.ఫంక్షనల్‌లో వెతకండి.
- డిస్ట్‌యుటిల్స్: ఇది లైబ్రరీ కూడా కాదు, పైథాన్‌లోదే. 2023లో వచ్చిన పైథాన్ 3.12లో తీసేశారు. సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు పని నడుస్తుంది. పైథాన్ 3.12 నుంచి వీఎన్వ్ దాన్ని దానంతటది పెట్టదు.

టెన్సర్‌ఫ్లోతోపాటు కెరాస్ లైబ్రరీ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2024 మార్చిలో వచ్చిన టెన్సర్‌ఫ్లో 2.16 నుంచి కెరాస్ 3 డిఫాల్ట్ అయింది. కెరాస్.యుటిల్స్.ఎన్‌పీ_యుటిల్స్ లాంటి పాత దారులు అక్కడ దొరకవు. టు_కేటగోరికల్ కావాలంటే కెరాస్.యుటిల్స్ నుంచే తీసుకోండి.

ఇక్కడ మీ ముందు రెండు దారులు: కోడ్ మార్చడం, లేదా పాత వర్షన్ పెట్టడం. కోడ్ మీదైతే, ఇంకా కొన్నాళ్లు వాడేదైతే, మార్చండి. పాత ఫలితాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ రాబట్టాలంటే మాత్రం పాత వర్షన్ పెట్టండి, అదీ వేరే ఎన్విరాన్‌మెంట్‌లో. పాత వర్షన్‌కు పాత పైథాన్ కూడా కావాలన్నది మరవకండి. సైకిట్-లెర్న్ 0.22ను కొత్త పైథాన్‌లో పెట్టబోతే సిద్ధంగా కంపైల్ చేసిన ఫైలు దొరక్క, సోర్సు నుంచి కట్టబోయి పిప్ పేజీల కొద్దీ ఎర్రర్లు ఇస్తుంది. పైథాన్ 3.8తో ఎన్విరాన్‌మెంట్ చేసి అందులో పెట్టండి.

9. సేవ్ చేసిన మోడల్ తెరిచేటప్పుడు వస్తే

మీ కోడ్‌లో ఎక్కడా ఎస్‌కేలెర్న్.ఎన్సెంబుల్.ఫారెస్ట్ అని రాయలేదు. అయినా “నో మాడ్యూల్ నేమ్డ్ ‘ఎస్‌కేలెర్న్.ఎన్సెంబుల్.ఫారెస్ట్’” అంటుంది. ఎక్కడినుంచి వచ్చింది?

మోడల్‌ను ఫైల్‌గా సేవ్ చేయడానికి వాడే పికిల్ గానీ జాబ్‌లిబ్ గానీ దాన్ని దాచేటప్పుడు క్లాసు కోడ్‌ను దాచవు. క్లాసు ఏ మాడ్యూల్‌లో ఉందో ఆ దారిని, దానితోపాటు నేర్చుకున్న విలువలను దాస్తాయి. తెరిచేటప్పుడు అదే దారిలో వెతుకుతాయి. సైకిట్-లెర్న్ 0.22లో ఇలాంటి లోపలి మాడ్యూళ్ల పేర్ల ముందు అండర్‌స్కోర్ చేరింది, ఫారెస్ట్ కాస్తా _ఫారెస్ట్ అయింది. 0.24లో పాత పేర్లు పూర్తిగా పోయాయి. అంటే మీ చేతిలో ఉన్నది 0.22 కన్నా ముందు వర్షన్‌లో దాచిన మోడల్.

పాత పేరును కొత్త మాడ్యూల్‌కు కలిపేలా సిస్.మాడ్యూల్స్‌లో ఒక లైను పెట్టమనే చిట్కా బాగా తిరుగుతోంది. ఇంపోర్ట్ ఎర్రర్ దాంతో పోతుంది, నిజమే. కానీ లోపలి డేటా అమరిక మారి ఉంటే తర్వాతి మెట్టులో ఆగుతుంది. ఉదాహరణకు 1.3లో డెసిషన్ ట్రీ నోడ్ల అమరికలో కొత్త ఫీల్డు చేరింది, దానికన్నా పాత ట్రీలను అది తెరవదు. ఒకవేళ తెరుచుకున్నా వచ్చే అంచనాలు సరైనవేనని హామీ లేదు. ఏ నిర్ణయాలకైనా వాడే మోడల్ అయితే ఈ చిట్కా జోలికి పోకండి.

పద్ధతిగా చేయాల్సింది ఇది:

- మోడల్ ఏ వర్షన్‌లో తయారైందో కనుక్కోండి.
- అదే వర్షన్‌తో విడిగా ఎన్విరాన్‌మెంట్ చేసి, అక్కడ తెరిచి చూడండి.
- శిక్షణ డేటా ఉంటే కొత్త వర్షన్‌లో మళ్లీ ట్రెయిన్ చేయండి. కొన్ని నమూనాల మీద పాత, కొత్త మోడళ్ల అంచనాలు పోల్చండి.
- ఇకమీదట మోడల్ ఫైల్ పక్కనే పైథాన్, సైకిట్-లెర్న్, నంపై వర్షన్లు రాసి ఉంచండి.

నంపైతోనూ ఇలాంటిదే ఉంది. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0 దగ్గర నంపై.కోర్ పేరు నంపై._కోర్ అయింది. నంపై 2 ఉన్నచోట దాచిన ఫైల్‌ను పాత నంపై ఉన్నచోట తెరిస్తే “నో మాడ్యూల్ నేమ్డ్ ‘నంపై._కోర్’” వస్తుంది. రెండుచోట్లా నంపై ఒకే తరానిది ఉండేలా చూసుకోండి.

ఇంకొకటి: పైప్‌లైన్‌లో మీరు సొంతంగా రాసిన ఫంక్షన్ ఉంటే, అది నోట్‌బుక్ సెల్‌లో కాకుండా విడి ఫైల్‌లో ఉండాలి. మోడల్‌ను తెరిచే సర్వర్‌లోనూ ఆ ఫైల్ అదే పేరుతో ఉండాలి. లేకపోతే అక్కడ “__మెయిన్__లో ఆ పేరు లేదు” అన్న అర్థంలో వేరే ఎర్రర్ వస్తుంది. మూలం ఇదే.

ఎవరో తెలియనివాళ్లు ఇచ్చిన పికిల్ ఫైల్ మాత్రం తెరవకండి. తెరవగానే అందులోని కోడ్ నడిచిపోగలదు.

10. మీ సొంత మాడ్యూలే దొరకకపోతే

ప్రాజెక్టు పై ఫోల్డర్‌లోకి వెళ్లి, ఫైల్ దారి ఇవ్వకుండా, “పైథాన్ -ఎం ప్రాజెక్ట్.ట్రెయిన్” పద్ధతిలో నడపండి. ప్రాజెక్టు పెద్దదైతే పైప్రాజెక్ట్.టోమల్ రాసి “పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ -ఈ .” ఇవ్వండి, చివర చుక్క ఉండాలి. సిస్.పాత్‌కు కోడ్‌లో దారులు చేర్చుకుంటూ పోతే ఇంకొకరి కంప్యూటర్‌లో పనిచేయదు.

11. ఇన్‌స్టాలే దెబ్బతిని ఉంటే

మధ్యలో ఆగిపోయిన అప్‌గ్రేడ్ తర్వాత పిప్ “ఇగ్నోరింగ్ ఇన్‌వాలిడ్ డిస్ట్రిబ్యూషన్” అని హెచ్చరిస్తుంది. పక్కన చూపించే పేరులో మొదటి అక్షరం ఉండదు. సైట్-ప్యాకేజెస్ తెరిచి చూస్తే మొదటి అక్షరం స్థానంలో అలగీత (~) ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. అవి పిప్ వదిలేసిన శేషాలు. ఆ పైథాన్ ప్రోగ్రాములన్నీ మూసేసి, ఆ ఫోల్డర్లు తీసేసి, ఇలా ఇవ్వండి:

    పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --ఫోర్స్-రీఇన్‌స్టాల్ --నో-క్యాష్-డిర్ సైకిట్-లెర్న్
    పైథాన్ -ఎం పిప్ చెక్

ఫోర్స్-రీఇన్‌స్టాల్ నంపై, సైపైలను కూడా కొత్తవి చేయవచ్చు. వేరే లైబ్రరీకి పాత నంపై కావాల్సి ఉంటే పిప్ చెక్ ఆ తగువు చూపిస్తుంది. ఎన్విరాన్‌మెంట్ చిన్నదైతే రిపేరు కన్నా తీసేసి కొత్తది చేయడమే మేలు.

విండోస్‌లో డీఎల్ఎల్ ఎర్రర్‌కు మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ తాజాది పెట్టి చూడండి. టెన్సర్‌ఫ్లో ఇన్‌స్టాల్ మధ్యలో “నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ” అని ఆగితే విండోస్‌లోని 260 అక్షరాల దారి పరిమితి కారణం కావచ్చు. లాంగ్ పాత్స్ ఎనేబుల్ చేయండి, లేదా ఎన్విరాన్‌మెంట్‌ను డ్రైవ్ మొదట్లోనే పొట్టి పేరుతో చేయండి.

12. ఈ పనులు చేయకండి

- లినక్స్‌లో సుడో పెట్టి పిప్ నడపకండి.
- సైట్-ప్యాకేజెస్‌లోని లైబ్రరీ ఫైళ్లను చేత్తో దిద్దకండి. తర్వాతి అప్‌గ్రేడ్‌తో దిద్దింది పోతుంది, ఎర్రర్ తిరిగొస్తుంది.
- ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ కాపీ చేయకండి.
- __పైక్యాష్__ తుడిస్తే పోతుందన్న ఆశ వద్దు. సోర్సు ఫైల్ మారితే పైథాన్ దాన్ని తానే కొత్తగా రాసుకుంటుంది.
- ఒకేసారి నాలుగు చిట్కాలు ప్రయత్నించకండి. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తర్వాత తెలియదు.

13. అయినా తేలకపోతే, సాయం అడిగేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ముందుగా, పనిచేసే ఎన్విరాన్‌మెంట్ ఒక్కటైనా చేతిలో ఉన్నప్పుడే దాని జాబితా దాచుకోండి:

    పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్ > రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ

రేపు ఏదైనా చెడితే రెండు జాబితాలు పోల్చి తేడా పట్టుకోవచ్చు. ఎవరినైనా అడిగేటప్పుడు ఫొటోలు కాకుండా ఈ వివరాలు అక్షరాల రూపంలో ఇవ్వండి:

- ట్రేస్‌బ్యాక్ మొత్తం, మొదటి లైను నుంచి చివరి దాకా
- సిస్.ఎగ్జిక్యూటబుల్ చూపించిన దారి, పైథాన్ వర్షన్
- “పైథాన్ -ఎం పిప్ షో సైకిట్-లెర్న్” ఇచ్చిన జవాబు
- “పిప్ చెక్” ఇచ్చిన జవాబు
- ఆపరేటింగ్ సిస్టమ్ పేరు. టెర్మినల్‌లోనా, నోట్‌బుక్‌లోనా, ఎడిటర్‌లోనా
- ఇప్పటికే ప్రయత్నించినవి, ఏ వరసలో చేశారో అలాగే

దారుల్లో మీ యూజర్ పేరు, సంస్థ ఫోల్డర్ పేర్లు కనిపిస్తుంటే పంపేముందు తీసేయండి. దారిలో మిగతా భాగం మాత్రం కత్తిరించకండి, జవాబు చెప్పేవాళ్లు ముందు చూసేది దాన్నే.